హైదరాబాదు పేరెవరి సొత్తు?

తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎనుముల రేవంత్ రెడ్డిగారికి బోరబండ నివాసియగు ఒక ఫుట్‌బాలు అభిమాని నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ.

అయ్యా,

మీ కార్యాలయమునకు ప్రతిదినము చేరు అర్జీలలో పింఛనులను, రేషను కార్డులను, ఇండ్ల పట్టాలను కోరునవే పెక్కుగా నుండుననియు, వాని నడుమ ఒక ఆటజట్టును గూర్చిన మొర విలాసముగా దోచుననియు నేనెరుగుదును. ఎరిగియు వ్రాయ సాహసించుటకు కారణము మీరు ఆ యాట నాడినవారగుటయే. 2024 మే 12వ తేదీన, లోక్‌సభ ఎన్నికల ప్రచారము ముగిసిన మరునాడు, కేంద్రీయ విశ్వవిద్యాలయపు మైదానములో విద్యార్థులతో కలిసి ఆడుచు, కాలిబూటు చెడినను విరమింపక ఆట సాగించిన మనుష్యునికి, తన జట్టు తనకు లేకుండబోయినవాని దుఃఖమును విప్పి చెప్పవలసిన పని యుండదని నా నమ్మకము.

2025వ సంవత్సరము చివర మూడు మాసములలో మూడు సంగతులు జరిగినవి. అక్టోబరులో, ఆరేండ్లు మన నగరము పేరు మోసిన హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యని కొత్తపేరు పెట్టుకొన్నది. నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉపఎన్నికకు పోలింగు జరిగినది. అంతకుముందు కొన్ని వారములపాటు అన్ని పార్టీల అతిరథులును మా బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ సందులలో పాదచారులై సంచరించి, మురుగుకాలువలు మొదలు శ్మశానవాటికలవరకు సమస్త విషయములను ముచ్చటించిరి గాని, నగరమునుండి ఒక జట్టు వెడలిపోయినదన్న మాట నేను విన్న ఉపన్యాసములలో ఒక్కదానియందును వినరాలేదు. డిసెంబరు 13న ఉప్పల్ మైదానమునకు లయొనెల్ మెస్సీ వచ్చెను. మీరును ఆయనతో కలిసి బంతి తన్నితిరి. ఆనాటి యుదయము కలకత్తాలో చెలరేగిన రభసవంటిది మనయెడ జరుగక కార్యక్రమము సజావుగా ముగియుటకు నగరవాసిగా నేనును గర్వించితిని. అయితే ఆ రాత్రి గాలరీలనుండి యింటికి మరలిన పిల్లవాడు, తండ్రి చేయి పట్టుకొని, వచ్చు శనివారము మన జట్టు ఆట యెక్కడ అని అడిగియున్న, ఆ తండ్రి యేమి చెప్పవలెను? అతిథికి చేసిన మర్యాదలో లోపము లేదు. అతిథి పోయిన తరువాత ఇంటిలో ఎవరున్నారన్నదే నా చింత.

ఢిల్లీకి తరలిపోయిన ఆ జట్టు పుట్టుకలోనే దోషమున్నదని మొదట నొప్పుకొనవలసియున్నది. 2019 ఆగస్టులో పుణె నగరపు జట్టు మూతపడగా, ఇండియన్ సూపర్ లీగులో దాని స్థానమున హైదరాబాదు జట్టు వెలసినది. ఆ మాసముననే ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వరమునకు పోయి ఒడిశా జట్టుగా మారినది. అనగా ఢిల్లీది ఒడిశాకును, పుణెది మనకును, మనది ఢిల్లీకిని చేరినవి. పుణె అభిమాని యెవడైన వచ్చి, ఆనాడు మా స్థానములో మీరు కూర్చున్నప్పుడు లేని నొప్పి నేడెక్కడనుండి పుట్టినదని నన్నడిగినచో నాయొద్ద సమాధానము లేదు. ఆ జట్టు చిహ్నములో కోహినూరు వజ్రమును నిలిపిరి. మన సీమనుండి పోయి మరల రాని వస్తువును గుర్తుగా ధరించుట శుభసూచకము కాదని ఏ శకునజ్ఞుడును అప్పుడు హెచ్చరింపలేదు కాబోలు.

మొదటి యేట 18 ఆటలలో 2 గెలుపులు, 10 పాయింట్లు, 10 జట్లలో అట్టడుగు స్థానము. అప్పటినుండియే నేను వారివాడనైతిని. గెలిచినవాని ప్రక్కన చేరువారు ఎల్లప్పుడును పుష్కలముగా దొరకుదురు కావున నా అవసరము వారికి ఆ యేడే యెక్కువ యని తలచితిని. 2020లో స్పెయినునుండి మనోలో మార్కెజ్ శిక్షకుడై వచ్చిన పిమ్మట జట్టు స్వరూపమే మారిపోయినది. ఆయన గొప్పతనము వ్యూహములలో కంటె విశ్వాసములో నున్నదని నా యభిప్రాయము: ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి పేరెరుగని కుర్రవాండ్రను ఇరుప్రక్కల రక్షణలో నిలిపి, ఒక తప్పు చేసిన వెంటనే వెనుకకు పిలువక, రెండవ తప్పుకు కూడ అవకాశమిచ్చి, మూడవసారి వారు తప్పు చేయకుండునంతవరకు ఓర్చుకొన్నాడు. వారి పైన ముప్పదియేడేండ్ల వయసున్న నైజీరియా దేశస్థుడు బార్తొలోమ్యూ ఒగ్బెచే 2021–22లో 18 గోలులు కొట్టి లీగుకెల్ల అగ్రగణ్యుడాయెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో, కేరళ బ్లాస్టర్స్ పక్షపు జనసముద్రము హోరెత్తుచుండ, ఒక గోలు వెనుకబడియుండియు, ఆట చివరి ఘట్టములో సాహిల్ తవోరా కొట్టిన బంతితో సమము చేసి, పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని చేతుల చలువవలన మనము విజేతలమైతిమి.

ఇందులో ఒక విపరీతమును మీరు గమనింపవలెనని కోరుచున్నాను. కోవిడ్ కారణమున ఆ యేడును దాని ముందటి యేడును లీగు నంతను గోవాలోనే జరిపిరి. కావున హైదరాబాదు జట్టు విజేతయైన యేడు హైదరాబాదులో ఒక్క ఆటయు ఆడలేదు. మేము మా ఉత్కృష్ట కాలమును టెలివిజనులో చూచితిమి. మరుసటి యేడు, 2022–23లో, గచ్చిబౌలి బాలయోగి మైదానమునకు జట్టు తిరిగివచ్చి, 42 పాయింట్లతో రెండవ స్థానము పొంది, కలకత్తావారితో రెండు సెమీఫైనలు ఆటలలోను గోలు లేక సరిసమానముగా నిలిచి, పెనాల్టీలలో ఓడినది. బోరబండ స్టేషనులో ఎంఎంటీఎస్ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కడినుండి ఆటోవానితో బేరమాడి, పసుపు చొక్కాలు తొడిగినవారి గుంపులో కలియుట మా బస్తీ కుర్రవాండ్రకు ఆ యేడాదియే కొంచెము అలవాటగుచుండెను. అలవాటు పూర్తిగా కుదురకమునుపే జట్టు కూలిపోయినది.

ఆ పతనమును ఆటలోని అపజయముగా వర్ణించుట అన్యాయము. మార్కెజ్ గోవాకు పోయెను. జీతములందలేదన్న ఫిర్యాదులు ఫిఫావరకు నడచినవి. కొత్త ఆటగాండ్ర నమోదుపై నిషేధము పడినది. విదేశీయులును, పేరు మోసిన స్వదేశీయులును ఒకరివెంట నొకరు వీడిపోయిరి. 2023–24లో 22 ఆటలాడి, చెన్నయిన్ జట్టుపై 1–0తో ఒకే యొక్క గెలుపు, 8 పాయింట్లు, 12 జట్లలో కట్టకడపటి స్థానము. నన్నడిగినచో, ఫతోర్దాలో కప్పునెత్తినవారికంటె ఈ యెనిమిది పాయింట్లవారే నాకు ప్రియతములు. విదేశీయులలో బ్రెజిలు దేశస్థుడు జువావ్ విక్టర్ ఒక్కడు మాత్రము నిలిచిపోగా, ఆయన చుట్టు ఇరువది యేండ్లయినను సరిగా నిండని పిల్లలు చేరి, తమకంటె రెట్టింపు బలమున్న జట్లయెదుట వారమువారమును ఓడుచు, ఓడినను తలదించుకొనక మరల మరుసటి వారము బరిలోనికి దిగుచుండిరి. అట్టి యాటను చూచుటకు వచ్చినవారు కొద్దిమందియే కావచ్చును. ఆ కొద్దిమందియు చప్పట్లు కొట్టినది విజయమునకు కాదు గదా! 2024–25లో కొత్త యాజమాన్యము వచ్చినది; 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానము దక్కినది; ఆ పిమ్మట జట్టే లేకుండబోయినది.

ఓటమిని సహించుటకు హైదరాబాదు ఫుట్‌బాలు అభిమానికి శిక్షణ యవసరములేదు. అరువదియేండ్లుగా అతడు క్షీణతనే చూచుచున్నాడు. కాని అతని తాతకు తెలిసిన చరిత్ర వేరు, దానిని మీ దృష్టికి కొంత విస్తరించి తెచ్చుట నా విధి. 1909లో ఈ నగరమున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగాను, సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగాను ఆయన పనిచేసిన కాలములో ఆ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. 1950లో డ్యూరాండు ఫైనలులో మోహన్ బగానును ఓడించినది. రహీం సాహెబు శిక్షకుడుగా భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో గెలిచి మరల స్వర్ణమును సాధించినది. మరుసటి సంవత్సరమే, 1963 జూనులో, ఆయన కాన్సరుతో మరణించెను. ఆయనతో మన ఫుట్‌బాలు సువర్ణయుగమును ముగిసినదనుట అతిశయోక్తి కాదు.

ఆయన పద్ధతులను తలచిన నేటికిని ఆశ్చర్యము కలుగును. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమముతో పోటీలు పెట్టెడివాడు. బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే తోటివాని కందింపవలెనను నియమముతో మరికొన్ని పోటీలు పెట్టెడివాడు. సికిందరాబాదు శివారున అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం నగరమునకు సాధనకు వచ్చుటకు దారిఖర్చు లేదనగా, అద్దె సైకిలుకు డబ్బు రహీమే యిచ్చెనని పెద్దలు చెప్పుకొందురు. ఆ బలరామే మెల్‌బోర్న్ జట్టులోను జకార్తా జట్టులోను ఆడెను. మెల్‌బోర్న్ పోయినవారిలో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ కూడ ఈ జంటనగరముల మట్టిలో ఆడి పైకి వచ్చినవారే. ఫతోర్దాలో మన పేరున బరిలో దిగిన మొదటి పదునొకండుగురిలో హైదరాబాదువాడు ఒక్కడును లేడు. వారిని నిందించుటకు ఈ మాట యనుట లేదు; మణిపురమునుండి వచ్చినవాడు మనకొరకు చెమటోడ్చినచో అతడు మనవాడే. అయితే ఆ జట్టు ఢిల్లీకి పోయినప్పుడు దానివెంట మన బస్తీలలో ఏ యింటి తలుపును తెరుచుకొనకుండుటకు, ఏ తల్లియు గడపకు వచ్చి చూడకుండుటకు కారణము మాత్రము ఇందులోనే యున్నది.

(రహీం జీవితమును వెండితెర కెక్కించుటకు అమిత్ శర్మ దర్శకత్వమున అజయ్ దేవగణ్‌తో ‘మైదాన్’ చిత్రము 2024లో బొంబాయినుండి రావలసివచ్చెను. మా బోరబండనుండి ప్రతి వేకువను లైటుమెన్లును జూనియర్ ఆర్టిస్టులును పనికి పోవు ఫిల్మ్‌నగరులో, కథలు లేవని దర్శకులు వగచుచుందురని పత్రికలలో చదువుచుందును.)

ఆ పాత జట్టునకును ఈ కొత్త జట్టునకును నడుమ గల భేదము ప్రతిభలో లేదని నా సిద్ధాంతము. పోలీసు జట్టులోని ఆటగానికి ఉద్యోగముండెను, నెల తిరుగగానే జీతము చేతికి వచ్చెడిది, ఆట విడిచిన పిమ్మటను బ్రతుకు గడచెడిది. అందువలన అతడీ యూరిలోనే యుండి, తన తరువాతివానికి బంతి తన్నుట నేర్పగలిగెను. సూపర్ లీగు జట్టునకు లీగు అనుమతిపత్రమొకటి యుండెను, ప్రభుత్వపు మైదానమొకటి యుండెను. సొంతమని చెప్పదగినది మరేమియు లేదు. అద్దెకొంపలో దిగినవాడు గోడకు మేకు కొట్టుటకును జంకునట్లు, ఆ యాజమాన్యములు ఈ నగరములో వేరు పాతుటకు జంకినవి. బోరబండలోగాని, బార్కస్‌లోగాని, బొల్లారములోగాని పదేండ్ల పిల్లలను చేరదీసి పెంచి, పద్దెనిమిదవ యేట వారికి పసుపు చొక్కా తొడిగించు పని ఆరేండ్లలో ఫలించునది కాదు. అట్టి పనికి పూనుకొనువాడు పన్నెండేండ్లు ఇచ్చట నుండుటకు సిద్ధపడి రావలెను.

ఇది మనకొక్కరికే పట్టిన పీడయని నేను చెప్పను. అండాకారపు బంతితో అమెరికావారాడు ఫుట్‌బాలులో ఇట్టి వలసలు మనకంటె ముందే జరిగినవి. 1984 మార్చిలో ఒకరాత్రి బాల్టిమోర్ నగరపు జట్టు సామానంతయు లారీల కెక్కించుకొని ఇండియానాపొలిస్‌కు పోయినది. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట బాల్టిమోర్ మరొక నగరపు జట్టును తనకు తెచ్చుకొన్నది, అది క్లీవ్‌లాండుది. కాని క్లీవ్‌లాండు పౌరులును నగరపాలకులును ఊరకుండక వ్యాజ్యమునకు దిగిరి. తుదకు జట్టు పోవచ్చును గాని బ్రౌన్స్ యను పేరు, దాని రంగులు, దాని పూర్వవిజయముల లెక్కలు నగరమునకే చెందునని ఒడంబడిక కుదిరినది. 1999లో ఆ పేరుననే కొత్తజట్టును నిలుపుకొన్నారు. ఆ కొత్తజట్టు ఎంత దుర్బలమైనదో చెప్పిన నమ్మరు: 2017లో 16 ఆటలాడి పదునారును ఓడినది. అప్పుడు అభిమానులు వేలాదిగా చలిలో మైదానము చుట్టు ఊరేగింపు జరిపి, పరిపూర్ణమైన సంవత్సరము గడిచినదని పరిహాసముగా ఉత్సవము చేసికొనిరి. నాకు వారిపై అసూయ. ఓడిన జట్టును ఊరేగించుటకైనను జట్టు ఊరిలో నుండవలెను గదా! ఆ దేశముననే గ్రీన్‌బే యను చిన్న పట్టణమున 1923నుండి జట్టు ప్రజలవాటాలతో నడచుచున్నది. ఆ వాటాలపై లాభము రాదు, వానిని మార్కెట్టులో అమ్మరాదు. కావున ఆ జట్టును కొని మరియొక చోటికి తరలింపగల ధనవంతుడు పుట్టలేదు.

మన నగరములో జట్టే మిగులలేదని నా భావము కాదు. అజీజ్‌నగరులో మైదానము నిర్మించుకొని, ఐ-లీగులో 2022–23లోను 2023–24లోను రెండవ స్థానము పొందిన శ్రీనిధి దక్కన్ జట్టు ఈ నగరమున నెలకొన్నదే. దాని ఉదాహరణము నా వాదమునే బలపరచుచున్నది: సొంత నేల యున్న జట్టు పై మెట్టుకు రెండుమారులు చేరువగా పోగలిగినది. రహీం పేరున నగరములో నడచు లీగును పటిష్ఠము చేసి, అందు గెలిచినవాడు మెట్టుమెట్టుగా పైకి పోవు మార్గమేర్పడినయెడల, ఢిల్లీనుండియో బొంబాయినుండియో అనుమతిపత్రము కొనితెచ్చుకొను దుర్గతి మనకుండదు.

ప్రభుత్వమునకు ఆటపై శ్రద్ధ లేదని అనలేను. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు గచ్చిబౌలిలో జరిగినది. నవంబరులో మలేషియాతో భారతజట్టు అక్కడనే ఆడినది. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలులో పశ్చిమ బెంగాలు కేరళను ఓడించినది కూడ ఈ నగరముననే. ఎవరెవరో వచ్చి మన మైదానములో ఆడి, కప్పులు గెలిచి పోవుచున్నారు. మనము ఆతిథ్యమునందు ఆరితేరితిమి. మీరు 2023 డిసెంబరు 7న ప్రమాణస్వీకారము చేసిన లాల్‌బహదూరు స్టేడియము పూర్వపు ఫతేమైదానమే; నేడది సభలకును ప్రమాణములకును పనికివచ్చుచున్నది, దానికి నాకభ్యంతరము లేదు. అయితే మా బోరబండలో పిల్లలు బంతి తన్నుటకు రాళ్ళు తీసి చదును చేసిన ఖాళీజాగా కనబడిన ప్రతిచోటను ఆరు మాసములలో పిల్లరులు లేచుచున్నవి. నగరపాలక సంస్థ క్రీడామైదానములను గీతగీసి కాపాడి, సాయంకాలము ఏడు దాటినపిమ్మట కూడ దీపములు వెలుగునట్లు చూచినచో, అందుకగు ఖర్చు ఒక అంతర్జాతీయ పోటీకి అగు వ్యయములో ఎన్నవ వంతో లెక్కకట్టుట మీ ఆర్థికశాఖకు కష్టముగాదు.

ఇక నేను కోరునది. గచ్చిబౌలి మైదానము రాష్ట్రమునది; దానిని అద్దెకిచ్చు అధికారము మీది; హైదరాబాదను పేరును ధరించి ఆడుటకు నగరము సమ్మతించునా లేదా యని చెప్పదగినవారును మీరే. ఆ అద్దె ఒప్పందములోనే పేరును రంగులును నగరమువని, జట్టు పోయిన యెడల అవి యిచ్చటనే యుండునని వ్రాయించుడు. ఇంతమంది స్థానికబాలురను పెంచవలెనని, ఇన్ని యేండ్లవరకు తరలిపోరాదని వ్రాయించుడు. అభిమానులకు కొద్దిపాటి వాటా యిచ్చుటకును, యాజమాన్యసభలో ఒక కుర్చీ వేయుటకును ఒప్పుకొనని వానికి గేటు తాళములీయకుడు. ఆ కుర్చీలో కూర్చుండుటకు నేను రాను. దక్కన్ లీజియన్ పేరున గచ్చిబౌలిలో గొంతులు చించుకొన్న కుర్రవాండ్రున్నారు, వారికి లెక్కలు కూడ తెలియును.

రేపో మాపో మరియొక ధనవంతుడు మైదానము కావలెనని మీ క్రీడాశాఖకు దరఖాస్తు పెట్టకపోడు. ఆ కాగితము మీ బల్లమీదికి వచ్చినప్పుడు, ఆటగాండ్ర రెండేండ్ల జీతములకు బాంకులో ఎంత సొమ్ము నిలువ పెట్టెదవని అతనిని మొదట నడుగుడు. చొక్కా రంగు సంగతి తరువాత చూచుకొనవచ్చును. పసుపును నలుపును మాయొద్ద సిద్ధముగానే యున్నవి.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
ఒక అభిమాని,
బోరబండ, హైదరాబాదు.